పందొమ్మిది మార్కుల వ్యాసం

గురువారం పొద్దున పది దాటినా ముర్రావీలో మంచు విడవలేదు. గోధుమ గోదాములకు ఎదురుగా, బేకరీ మీది గదిలో, నోరీన్ హాల్‌పిన్ మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు అరవై ఒకటో ఏడు. మెల్‌బోర్న్‌కి ఎంతో దూరంలో ఉన్న ఈ మల్లీ బీడు ప్రాంతం మొత్తానికీ లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడ ఒక్కతే. డిటెక్టివ్ అనగానే ఏదేదో ఊహించుకోకండి. నడుం విరిగిందని బీమా సొమ్ముకు అర్జీ పెట్టుకున్న పెద్దమనుషులు గొర్రెల్ని ఎత్తి ట్రక్కులో వేస్తుండగా ఫొటోలు తీయడం, ముప్పై ఏళ్లుగా ఆవిడ చేసింది ఎక్కువగా అదే. మనుషులు అబద్ధాలాడతారన్న సంగతి ఆమెను ఆశ్చర్యపరచడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు విసుగు పుట్టిస్తోందంతే.

ఆమె సహాయకుడు క్లైవ్ పాస్కో. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. నోరీన్ తుమ్మినా అందులో ఏదో తర్కం ఉంటుందని నమ్ముతాడు.

మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. లోపలికి వచ్చినవాడు ఇవాన్ ప్రిడిల్. ఊరి హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్లుగా సాహిత్యం చెబుతున్న మాస్టారు. కోటు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో ఒక అట్టపెట్టె ఉంది.

“కూర్చో ఇవాన్. క్లైవ్, టీ పెట్టు,” అంది నోరీన్.

“టీ వద్దు. రేపు సాయంత్రం నాలుగింటికి ఒక పిల్ల బతుకు పాడవబోతోంది. దాన్ని ఆపడం నా చేత కావట్లేదు.”

అతను చెప్పింది ఇది. పన్నెండో తరగతి మార్కుల్లో సగం ఏడాది పొడవునా బళ్లోనే పెట్టే పరీక్షల నుంచి వస్తాయి. పిల్లలు వాటిని ‘సాక్’ అంటారు. పోయిన వారం జరిగిన సాక్‌లో ఒక కథాభాగం ఇచ్చి, దాన్ని మాటమాటా తరచి చదివి, కాగితంలోని సాక్ష్యంతో వ్యాసం రాయమన్నారు. పధ్నాలుగు మంది రాశారు. అందరికంటే బాగా రాసింది సా మూ. బర్మా సరిహద్దు శిబిరం నుంచి వచ్చిన కరెన్ తెగ కుటుంబం వాళ్లది. తండ్రి బాతు మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ప్రిడిల్ ఆ వ్యాసానికి ఇరవైకి పందొమ్మిది వేశాడు. సోమవారం ప్రిన్సిపల్‌కు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

“రేపు నాలుగింటికి మార్కులు మెల్‌బోర్న్‌లో పరీక్షల బోర్డుకి పోవాలి. అనుమానం తీరకపోతే సా మూకి సున్నా వేస్తామంటోంది ప్రిన్సిపల్ జానిస్. సున్నా పడితే బెండిగోలో నర్సింగ్ సీటు మర్చిపోవాల్సిందే. నేను పేపరు ముందే ఇచ్చానట నోరీన్. నేను!”

నోరీన్ ఉత్తరం నకలు అందుకుని పైకి చదివింది.

“‘ప్రిన్సిపల్ గారికి. నేను ప్రిడిల్ సర్ దగ్గర పన్నెండో తరగతి చదువుతున్నాను. సా మూకి పరీక్ష పేపరు ముందే అందింది. ఈ భాష నేర్చుకుని ఆరేళ్లే అయినవాళ్లకు అంత లోతైన ఆలోచనను మాటల్లో పెట్టడం సాధ్యం కాదు కాబట్టి, ఎవరో రాసిచ్చింది ఆమె బట్టీ పట్టి ఉండాలి. ఉదాహరణకు, “మార్తా లోపలికి వచ్చి తలుపు మూసింది. గాలి మాత్రం లోపలికి వస్తూనే ఉంది” లాంటి వాక్యాలకు మాలో ఎవరికీ అర్థం తట్టలేదు. ప్రిడిల్ సర్‌కు ఆమె అంటే ప్రత్యేకమైన అభిమానం. తమకు నచ్చినవాళ్లకు పెద్దవాళ్లు దారి చూపిస్తుంటారు. ఉదాహరణకు, ఆయన ఆమెకు మధ్యాహ్నాలు విడిగా పాఠం చెబుతారు.’ సంతకం లేదు.”

“ఎంత విషం!” అన్నాడు క్లైవ్.

“విషమే కానీ పేరాలు కుదురుగా ఉన్నాయి,” అంది నోరీన్. “పేపరు ముందుగా ఎవరెవరు చూశారు ఇవాన్?”

“కథాభాగం నెల కిందట ఎంచాను. అది చూసింది నేనూ, రెండోసారి దిద్దే బ్లెయిర్ టామ్సెట్టూ. నిరుడు న్యూజిలాండ్‌లోని డనీడన్ నుంచి కాంట్రాక్టు మీద వచ్చాడు. పదో తరగతికి చెబుతాడు. పన్నెండో తరగతి వ్యాసాలు ఇద్దరు దిద్దాలని రూలు కదా. పరీక్ష రోజు పొద్దున ఫైలు తెరుచుకోక చచ్చాను. పాత ప్రింటు చూసి మొత్తం నేనే మళ్లీ టైపు చేసి, కాపీలు తీసి, బీరువాలో పెట్టి తాళం వేశా. పరీక్షయ్యాక పధ్నాలుగు పేపర్లూ లెక్కపెట్టి మళ్లీ బీరువాలోనే పెట్టాను.”

“బ్లెయిర్ ఎంత వేశాడు ఆ వ్యాసానికి?”

“పన్నెండు. కూర్చుని మాట్లాడుకుందాం అనుకునేలోపే ఉత్తరం వచ్చింది.”

నోరీన్ పెట్టెలోంచి ప్రశ్నపత్రం తీసి కళ్లద్దాలు పెట్టుకుంది. కథాభాగం ఒకే పుట. చివరి వాక్యాల దగ్గర ఆమె వేలు ఆగింది: “వేలం ముగిసింది. కొన్నవాడు గుర్రాన్ని తోలుకుపోయాడు. మార్తా లోపలికి వచ్చి తలపు మూసింది. గాలి మాత్రం లోపలికి వస్తూనే ఉంది.” ఆ తర్వాత సా మూ వ్యాసం తీసి ఆఖరి దాకా చదివింది. పక్కన పెన్సిల్‌తో ప్రిడిల్ రాసిన మెచ్చుకోళ్లున్నాయి. ఎర్ర సిరాతో ఒకే మాటను ఎనిమిది చోట్ల దిద్దిన గుర్తులున్నాయి.

“ఎర్ర సిరా ఎవరిది?”

“బ్లెయిర్‌ది. నేను పెన్సిలే వాడతాను.”

“ఊఁ,” అంది నోరీన్. టీ చల్లారిపోయింది. అయినా తాగేసింది.

*

మధ్యాహ్నం ముగ్గురూ బడికి వెళ్లారు. ప్రిన్సిపల్ జానిస్ ఓడ్గర్స్ వాళ్లను స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టింది. వారానికి అరవై గంటలు పనిచేసి, అందులో యాభై గంటలు ఫారాలు నింపే మనిషి. ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు ఆమెకు.

“నాకు ఆ పిల్ల మీద ద్వేషమేం లేదు నోరీన్. ఫిర్యాదు వచ్చాక చూడనట్టు ఊరుకుంటే నా ఉద్యోగం పోతుంది. తేల్చిపెడితే నీ కాళ్లకు దణ్ణం పెడతా.”

“కాళ్ల జోలికి రాకు. ఒకటి ఇప్పటికే పనిచేయట్లేదు.”

సింకు మీద గోడకు ఒక చీటీ అంటించి ఉంది. నోరీన్ దాని ముందు నిలబడి చాలాసేపు చదివింది. ‘ఎవరి కప్పు వాళ్లే కడుక్కోవాలి. మురికి కప్పుల వల్ల అందరి ఆరోగ్యానికీ ముప్పు. ఉదాహరణకు, నిన్న సింకులో అయిదు కప్పులు పడి ఉన్నాయి. — బ్లెయిర్.’

“కప్పుల కేసు కూడా మనదేనా బాస్?” అని క్లైవ్ గుసగుసగా అడిగాడు.

“అయితే బాగుండును. అది తేలిక.”

మొదట వచ్చినవాడు లాకీ బ్రిగ్. పన్నెండో తరగతిలో సా మూ తర్వాతి మార్కు అతనిదే, పద్దెనిమిది. తల్లి స్కూలు కౌన్సిల్లో ఉంది. కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు బారజాపాడు.

“నేనే రాశానంటారా? అందరూ అదే అనుకుంటున్నార్లెండి. మా అమ్మ కూడా.”

“రాశావా?”

“రాస్తే సంతకం పెట్టేవాణ్ణి. నాకు సిగ్గు తక్కువ.”

“సరే. నువ్వు రాయలేదనడానికి ఒక పేరా రాసివ్వు.”

“ఇప్పుడా? ఇక్కడా? అయ్యబాబోయ్, ఇక్కడ కూడా పేరాలేనా!”

గొణుక్కుంటూనే రాశాడు. నోరీన్ అందుకుని చదివింది. ‘ఆ ఉత్తరం నేను రాయలేదు. అది ఆదివారం బడి టపా డబ్బాలో పడింది; ఆదివారం నేను ఫుట్‌బాల్ మ్యాచ్‌కి హార్షమ్ వెళ్లి చెయ్యి విరగ్గొట్టుకున్నాను, ఎక్స్‌రే ఉంది. చెయ్యి కట్టు కట్టించుకుంటున్నవాడు బడి డబ్బాలో ఉత్తరాలు వేయలేడు. కాబట్టి నా మీద అనుమానం నిలవదు.’

“చెయ్యి బాగానే ఉందే?” అన్నాడు క్లైవ్.

“ఎడమది,” అని లాకీ చొక్కా చేయి పైకి లాగి కట్టు చూపించాడు. “పేరా అంటే మాట, సాక్ష్యం, వివరణ, చివర మొదటి మాటకే ముడి. ఏడో తరగతి నుంచీ ప్రిడిల్ సర్ ఇదే నూరిపోశాడు. నిద్రలో లేపినా ఇలాగే వస్తుంది. ఇక వెళ్లొచ్చా?”

తర్వాత సా మూ వచ్చింది. సన్నటి పిల్ల. కుర్చీ అంచున కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఏడుపు అయిపోయిన మొహం.

“నాకు పేపరు ఎవరూ ఇవ్వలేదు మేడమ్. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?”

“మళ్లీ చెప్పక్కర్లేదు. ఇంత జాగ్రత్తగా చదవడం ఎక్కడ నేర్చుకున్నావో చెప్పు.”

“శిబిరంలో. మా నాన్న పేరులో ఒక అక్షరం తప్పుపడిందని ఫైలు వెనక్కి పంపారు. దానికి రెండేళ్లు పట్టింది. అప్పట్నుంచీ ఏ కాగితమొచ్చినా అక్షరం అక్షరం నేనే చదివిపెట్టేదాన్ని. ఇక్కడికొచ్చాక ప్రిడిల్ సర్ కూడా అదే అన్నారు. కాగితంలో లేనిది చెప్పకు, ఉన్నది వేలు పెట్టి చూపించు అని.”

“మార్తా వాక్యంలోని ఒక మాట గురించి రెండు పేజీలు రాశావు.”

“అవును. ఆ మాట అక్కడెందుకుందా అని గంటలో పావుగంట దానికే పోయింది. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక చెయ్యి ఆగలేదు.” మాట్లాడుతుంటే ఆమె కళ్లల్లో వెలుగు వచ్చింది, మళ్లీ పోయింది. “సున్నా వేస్తారా మేడమ్?”

“రేపు మూడింటికి లైబ్రరీకి రా,” అంది నోరీన్.

ఆఖరున బ్లెయిర్ టామ్సెట్. ముప్పై నాలుగేళ్లు, కళ్లకింద నలుపు, చంకలో వ్యాసాల కట్ట.

“తొందరగా కానిస్తారా? ఇంకా యాభై మూడు దిద్దాలి నేను.”

“సా మూ వ్యాసానికి పన్నెండే ఎందుకు వేశారు?”

“అందులో ఆలోచనలకూ భాషకూ పొంతన లేదు. ఆలోచనలు ప్రొఫెసర్లవి, స్పెల్లింగు అయిదో తరగతిది. అసలు మాటే తప్పు రాసింది, అదీ ఎనిమిదిసార్లు. నేనేం చేయను చెప్పండి?”

“ఉత్తరం రాసిందెవరనుకుంటున్నారు?”

“పిల్లలెవరో. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.”

“ప్రశ్నపత్రం మీ దగ్గరుందా?”

“నెల కిందటే ఇవాన్ చూపించాడు. మళ్లీ చూడాల్సిన పనేముంది?”

నోరీన్ తన నోటుపుస్తకం మూసేసింది. తిరుగుదారిలో క్లైవ్ ఆగలేకపోయాడు. “ఎవరో తెలిసిపోయిందా బాస్?”

“తెలిసింది. సంతోషంగా లేదు.”

*

శుక్రవారం మూడింటికి లైబ్రరీలో హీటరు చుట్టూ కుర్చీలు వేశారు. జానిస్ బల్ల మీద మార్కుల పట్టీ పెట్టుకుంది. అందులో ఒక గడి ఖాళీగా ఉంది. ప్రిడిల్, బ్లెయిర్, లాకీ, సా మూ కూర్చున్నారు. కిటికీ దగ్గర క్లైవ్ నిలబడ్డాడు, ఏదో అద్భుతం చూడబోతున్నవాడిలా.

నోరీన్ లేవలేదు. మోకాలు ఒప్పుకోలేదు.

“రెండు విషయాలు తేల్చాలి. సా మూకి పేపరు ముందే అందిందా? ఉత్తరం ఎవరు రాశారు? ఇవాన్ పిల్లలకు చెప్పే పద్ధతిలోనే పోదాం. కాగితంలో ఉన్నదే చెప్తాను. లాకీ, ప్రశ్నపత్రంలో మార్తా వాక్యం చదువు. కళ్లతో కాదు, వేలు పెట్టి.”

లాకీ వేలు పెట్టి చదివాడు. “మార్తా లోపలికి వచ్చి తలు...” ఆగాడు. మొహం దగ్గరగా పెట్టాడు. “తలపు! తలపు మూసింది అనుంది! ఇదేంటి, పరీక్షలో నేను తలుపు అనే చదివా!”

“పధ్నాలుగు మందిలో పదమూడు మంది అలాగే చదివారు. కన్ను తనకు కావాల్సింది చదువుకుంటుంది. నేనూ మొదటిసారి అలాగే చదివాను. ఇవాన్, నువ్వు ఆ రోజు పొద్దున తొందరలో టైపు చేస్తూ ఒక కొమ్ము వదిలేశావు.”

ప్రిడిల్ కాగితం లాక్కుని చూశాడు.

“రచయిత రాసింది తలుపు. నెల కిందటి ప్రింటులో ఉన్నది తలుపు. తలపు అన్నది ప్రపంచంలో ఒకే చోట ఉంది, బీరువాలోంచి పరీక్ష గంటకు బయటికొచ్చిన ఈ పధ్నాలుగు కాగితాల్లో. ఇప్పుడు సా మూ వ్యాసం వినండి. ‘తలుపు మూస్తే గాలి ఆగాలి. ఆగలేదు. ఎందుకంటే మార్తా మూసింది తలుపు కాదు, గుర్రం గురించిన తలపు. ఇల్లు తెరిచే ఉంది, ఆమె మూసుకుపోయింది.’ వ్యాసమంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ముందే పేపరు చూసి, ఎవరిచేతో రాయించుకుని బట్టీ పట్టినదైతే ఈ మాట అందులో ఎలా వస్తుంది? ఆ పొద్దున దాకా ఆ మాట పుట్టనే లేదు. కాబట్టి ఈ వ్యాసం ఆ గదిలో, ఆ గంటలో, ఆ కుర్చీలో రాసిందే.”

జానిస్ గట్టిగా ఊపిరి వదిలింది. “అమ్మయ్య.”

“ఇక ఉత్తరం. ఇది రాసినవాడు మార్తా వాక్యంలో తలుపు అని రాశాడు. అదొక్కటే అయితే ఏ పిల్లాడో చూసుకోకుండా రాశాడనుకోవచ్చు. ఒక్క సాక్ష్యంతో ఎవర్నీ పట్టుకోకూడదు. రెండోది పేరాల వరస. ఇవాన్ శిష్యులు మాట, సాక్ష్యం, వివరణ, ముడి అని రాస్తారు. చెయ్యి విరిగినా అలాగే రాస్తారు, లాకీ నిన్న రాసిచ్చాడు. ఉత్తరంలో ముందు మాట, తర్వాత వివరణ, ఆఖరున ‘ఉదాహరణకు’. రెండు పేరాల్లోనూ అంతే. ముడి ఎక్కడా లేదు. ఇవాన్ దగ్గర చదివినవాళ్లెవరూ అలా రాయరు. సముద్రం అవతల, న్యూజిలాండ్ బళ్లలో చాలామందికి చిన్నప్పుడే ఆ వరస పట్టుబడుతుంది. స్టాఫ్ రూమ్‌లో కప్పులు కడుక్కోమని ఒక చీటీ ఉంది. అందులోనూ అదే వరస.”

ఎవరూ బ్లెయిర్ వైపు చూడలేదు. అందుకే అందరూ అతన్నే చూస్తున్నట్టు అనిపించింది.

“మూడోది ఎర్ర సిరా. సా మూ తలపు అని రాసిన చోటల్లా, పక్కనే తలుపు అని సరిగ్గా రాసి ఉన్నా, ఎనిమిదిసార్లు కొమ్ము తగిలించారు. అంటే దిద్దినవారి మనసులో ఉన్నది పాత ప్రింటు. కొత్త కాగితం ఆయన చూడనే లేదు, ఆ మాట నిన్న ఆయనే చెప్పారు. దాంతో ఏమనుకున్నారు? ఆలోచన గొప్పది, అసలు మాటకే స్పెల్లింగ్ రాదు, కాబట్టి ఇది ఈ పిల్లది కాదు. ఆ తర్వాత విద్యార్థి వేషం వేసుకుని ఉత్తరం రాశారు. తప్పు లాకీ మీద పడుతుందన్న ఆలోచన కూడా రాలేదు. అవునా బ్లెయిర్?”

బ్లెయిర్ తన చేతులు చూసుకున్నాడు. అరుస్తాడనీ బుకాయిస్తాడనీ క్లైవ్ అనుకున్నాడు. అంత ఓపిక అతనిలోనూ లేదు.

“నా కాంట్రాక్టు డిసెంబరులో అయిపోతుంది,” అన్నాడు. “ముప్పై ఏళ్ల సీనియర్ మీద పేరు పెట్టి ఫిర్యాదు ఎలా ఇస్తాను? కానీ నేను అబద్ధం రాయలేదు. నిజంగానే అనుకున్నాను. నిజంగా అది తన వ్యాసం కాదనే అనుకున్నాను.”

“విద్యార్థినని రాశారు. అది అబద్ధం,” అంది జానిస్. “సోమవారం నా ఆఫీసుకు రండి. దాని సంగతి అప్పుడు.”

సా మూ ఇంతసేపూ ప్రశ్నపత్రాన్నే చూస్తూ ఉంది. ఆమె మొహంలో అనుకున్నంత సంతోషం కనిపించలేదు.

“అయితే ఆ మాట రచయిత రాయలేదా?” అంది. “నేను రాసిందంతా టైపింగు తప్పు మీదా?”

నోరీన్ అంది, “నీ ముందున్న కాగితంలో ఉన్నది నువ్వు చదివావు. ఈ గదిలో ఆ పని చేసినదానివి నువ్వొక్కదానివే.”

సా మూ బ్లెయిర్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “ఎనిమిదిసార్లు దిద్దారు కదా సర్. ఒక్కసారైనా పేపరు తీసి చూడాలనిపించలేదా?”

“నువ్వే తప్పు రాశావనుకున్నాను,” అన్నాడు బ్లెయిర్. ఆ మాట తన చెవిన పడేసరికి అతని మొహం మాడిపోయింది.

“మీరు చూశారా సర్?” అని ఆమె ఇప్పుడు ప్రిడిల్‌ని అడిగింది.

ప్రిడిల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ నాలుగు రోజులుగా ఆ పిల్ల కోసం నిద్రాహారాలు మానేసిన మనిషి. “లేదమ్మా,” అన్నాడు. “నేనూ చూడలేదు. నువ్వు మాటను కావాలని మార్చి ఆడుకున్నావనుకున్నాను. అందంగా ఉందనుకున్నాను. మూలాన్ని తప్పుగా ఎత్తి రాశావని ఒక మార్కు కూడా కోశాను.”

ముప్పై ఒక్కేళ్లుగా పిల్లలకు వేలు పెట్టి చూపించమని చెప్పిన మాస్టారు తన వేలు పెట్టని చోటు అది. నోరీన్‌కు అతన్ని చూస్తే జాలేసింది, తనను తాను చూసుకున్నా జాలేసింది. అందరూ అలసిపోయారు. అలసట కూడా ఒకరి నెత్తిన పడుతుంది, అది ఎప్పుడూ ఇలాంటి పిల్లల నెత్తినే పడుతుంది.

“అయితే ఆ మార్కు ఇచ్చేయండి సర్,” అంది సా మూ.

ప్రిడిల్ పెన్సిల్ తీసుకుని పందొమ్మిది కొట్టేసి ఇరవై వేశాడు. జానిస్ పట్టీని బల్ల మీద ముందుకు తోసింది. “దిద్దినవాళ్లిద్దరూ సంతకం పెట్టాలి. నాలుక్కి ఇంకా పదిహేను నిమిషాలుంది.”

ప్రిడిల్ సంతకం పెట్టి పెన్ను బ్లెయిర్‌కి అందించాడు. బ్లెయిర్ పెన్ను పట్టుకున్నాడు కానీ పెట్టలేదు. ప్రశ్నపత్రం ఇమ్మని సా మూని అడిగాడు. ఆమె ఇచ్చింది. అతను ఆ పుటను మొదటి వాక్యం నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు.